గులాబీ రంగు వచ్చింది, పాదరసం లేదు: సెన్సర్ తయారీలో నా 20 నెలలు

నేను హైదరాబాద్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నీళ్ళలో పాదరసం ఉంటే రంగు మారి చూపించే ఒక పదార్థాన్ని తయారుచేసి, దాని మీద పేపర్ అచ్చయ్యేదాకా నాకు 20 నెలలు పట్టింది. 2022 జూన్‌లో మొదలుపెడితే 2024 ఫిబ్రవరిలో అయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అచ్చయిన పేపర్లు చూసి ఆరు నెలల్లో అయిపోతుందనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. పేపర్లలో ఎవరూ రాయని సంగతులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, నా తొందరపాటు వల్ల మా పెద్దబాపు (పెదనాన్న) ఇంటికి జరిగిన నష్టం. అది దాచిపెట్టి మిగతావి రాయడానికి నాకు మనసొప్పలేదు.

2022 జూన్ 13, సోమవారం. మా గైడ్ సార్ పిలిచి, "రోడమైన్‌తో మొదలుపెట్టమ్మా, చేయి తిరుగుతుంది" అన్నారు. రోడమైన్ బి ముదురు గులాబీ రంగు. దాన్ని హైడ్రజీన్‌తో మరిగిస్తే అణువులో ఒక వలయం మూసుకుపోయి రంగు పోతుంది. ఆ వలయానికి గంధకం ఉన్న ఒక చేయి తగిలించాలి. పాదరసానికి గంధకం అంటే ప్రాణం. నీళ్ళలో పాదరసం ఉంటే వచ్చి ఆ గంధకాన్ని లాక్కుపోతుంది, వలయం తెరుచుకుంటుంది, పోయిన రంగు తిరిగొస్తుంది. 1997లో చార్నిక్ బృందం రాగిని పట్టుకోవడానికి, 2005లో ఒక కొరియా బృందం పాదరసాన్ని పట్టుకోవడానికి ఈ దారి వేశారు. ఆ తర్వాత దీని మీద లెక్కలేనన్ని పేపర్లు వచ్చాయి. మేము చేసింది ఆ గంధకపు చేతిలో ఒక చిన్న మార్పు.

మొదటి మెట్టు తేలికే. 1.2 గ్రాముల రోడమైన్‌ను 30 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించి, ఫ్యూమ్ హుడ్‌లో హైడ్రజీన్ హైడ్రేట్ చుక్క చుక్కగా వేశాను. హైడ్రజీన్ విషం, హుడ్ తలుపు దించకుండా దాని మూత కూడా తీయకూడదు. రెండున్నర గంటలు మరిగాక ముదురు గులాబీ కాస్తా లేత నారింజ రంగులోకి దిగింది. ఇథనాల్ తీసేసి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోశాను, మళ్ళీ ఎర్రబడింది. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ పోస్తూ పీహెచ్ 9 దాటించగానే లేత రంగు పొడి అడుగున దిగింది. నోట్‌బుక్‌లో ఆ రోజు నా చేత్తో నేనే రాసుకున్నాను: "యాసిడ్ పోయగానే ఎరుపు." ఎనిమిది నెలల తర్వాత సరిగ్గా ఆ మాటే నాకు గుర్తు రావాల్సింది, రాలేదు.

గ్లౌజులు వేసుకున్నా గోళ్ళ సందుల్లో రంగు చేరి మూడు రోజులు వదల్లేదు. అన్నం కలుపుకోవాలంటే భయం వేసి ఆ మూడు రోజులూ స్పూన్‌తోనే తిన్నాను.

రెండో మెట్టుకు, అంటే ఆ గంధకపు చేయి తగిలించడానికి, కావాల్సిన ఐసోథయోసయనేట్ అనే కెమికల్ మా దగ్గర లేదు. జూన్ 20న ఆర్డర్ కాగితం పెట్టాను. మూడు కొటేషన్లు, ఇండెంట్, సంతకాలు, విదేశాల నుంచి రావడం. సీసా నా చేతికొచ్చింది ఆగస్టు 8న. ఏడు వారాలు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు మొదటి మెట్టు మొదలుపెట్టిన రోజే రెండో, మూడో మెట్టు కెమికల్స్‌కి కూడా ఆర్డర్ పెట్టేయండి. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

ఆ తర్వాత కాలమ్ దగ్గర, అంటే సిలికా పొడి నింపిన గొట్టం గుండా పంపి పదార్థాన్ని శుద్ధి చేసే చోట, ఇరుక్కున్నాను. రంగు లేని పదార్థాన్ని సిలికా మీద పోస్తే కాలమ్ అంతా గులాబీ చారలు. పదార్థం పాడైపోయిందనుకుని మొదటిది పారబోశాను. రెండోది కూడా అంతే. మా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ చేసే అన్న చూసి, "సిలికాకి కొంచెం యాసిడ్ గుణం ఉంటుంది కదరా, అదే నీ వలయాన్ని తెరుస్తోంది. సాల్వెంట్‌లో ఒక శాతం ట్రైఇథైల్ అమీన్ కలుపు" అన్నాడు. కలిపాను, చారలు పోయాయి. మూడు కాలమ్‌లకు 11 రోజులు పోయాయి, చివరికి మిగిలింది 0.31 గ్రాములు. ఆ పొడిని చిన్న సీసాలోకి తీసుకుంటున్నప్పుడు, పక్కనే ఎవరైనా తుమ్ముతారేమోనని ఊపిరి బిగబట్టాను.

అణువు నిర్మాణం చూపించే ఎన్‌ఎంఆర్ మెషీన్‌కు 19 రోజుల క్యూ. కార్బన్ స్పెక్ట్రమ్ రాత్రంతా నడిపించారు. పొద్దున్నే వెళ్ళి 66 పీపీఎమ్ దగ్గర చూశాను. అక్కడ చిన్న గీత ఒకటి నిలబడి ఉంది. వలయం మూసుకునే ఉందనడానికి అదే సాక్ష్యం. మెషీన్ ముందు నిలబడే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు కార్బన్, గీత, ఇవేవీ తెలియవు. "మంచిగొచ్చిందా? అంతే చాలు" అంది.

పాదరసం కలిపి మొదటిసారి చూసింది సెప్టెంబర్ 26న. బతుకమ్మ మొదలై రెండో రోజు. హాస్టల్ వైపు నుంచి పాటలు, చప్పట్లు వినిపిస్తున్నాయి. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. పాదరసం ఉప్పును ముట్టుకోవడం అదే మొదలు. రెండు జతల గ్లౌజులు వేసుకున్నాను, తూకం వేసిన కాగితాన్ని కూడా విడిగా పాదరసం వేస్ట్ డబ్బాలో వేశాను. ఆ వేస్ట్ సింక్‌లో పోయకూడదు. లైసెన్స్ ఉన్న ఏజెన్సీ వచ్చి తీసుకెళ్ళేదాకా ల్యాబ్ మూలన మూత బిగించి ఉంచాలి.

టేబుల్ మీద 16 వయల్స్ వరసగా పెట్టాను. అన్నిట్లో నా ప్రోబ్, అంటే నేను తయారుచేసిన ఆ పదార్థం, ఉంది. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్, రాగి, జింక్, కాడ్మియం, సీసం, వెండి, అల్యూమినియం, క్రోమియం ఒక్కో దాంట్లో ఒక్కో చుక్క. చివర్న పాదరసం. చుక్క పడ్డ చోట ముందు దారంలా సన్నగా గులాబీ రంగు సాగింది. ఆ దారం అడుగుకు దిగుతూ దిగుతూ విచ్చుకుని, నిమిషం తిరిగేలోపు వయల్ మొత్తం పీచుమిఠాయి రంగులోకి మారింది. లైట్లు ఆర్పేసి యూవీ టార్చ్ వేశాను, నిప్పుకణికలా నారింజ రంగులో వెలిగింది. బయట బతుకమ్మ పాట, చీకట్లో నా చేతిలో ఆ వయల్. పీహెచ్‌డీలో చేరాక నేను అంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదు.

కాకపోతే అల్యూమినియం, క్రోమియం, ఇనుము వయల్స్ కూడా కొంచెం గులాబీగా మారాయి. మర్నాడు సార్ అవి చూసి ఒకటే అడిగారు: "బఫర్ వేశావా?" వేయలేదు. ఆ లోహాల ఉప్పులు నీళ్ళలో కరిగితే నీళ్ళు పుల్లబడతాయి, ఆ పులుపే వలయాన్ని తెరిచింది. పీహెచ్‌ను 7.2 దగ్గర నిలబెట్టే హెపెస్ బఫర్ వేసి మళ్ళీ చేస్తే పాదరసం ఒక్కటే మారింది, వెండి దగ్గర చాలా పల్చటి ఛాయ మాత్రం వచ్చింది. సమస్య తీరిందనుకున్నాను. మొదట యాసిడ్ పోసినప్పుడు, తర్వాత సిలికా మీద, ఇప్పుడు ఈ ఉప్పులతో, అదే సంగతి నాకు మూడుసార్లు ఎదురైంది. ఏ రోజు సమస్యను ఆ రోజు తీర్చుకుని ముందుకెళ్ళిపోయాను కానీ మూడింటినీ కలిపి చూసుకోలేదు.

పాదరసం గంధకాన్ని నిజంగా లాక్కుపోయిందా లేదా అన్నది అణువు బరువు చూపించే మాస్ స్పెక్ట్రమ్‌లో తేలింది. కలపక ముందుకూ కలిపాక వచ్చినదానికీ తేడా సరిగ్గా 34. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు అదే. అంటే ఒకసారి మారితే ఇక వెనక్కి రాదు. లోహాలను పట్టేసుకునే ఈడీటీఏ పోసినా, సోడియం సల్ఫైడ్ పోసినా రంగు పోలేదు. ప్రతి పరీక్షకూ కొత్త మందు వాడాల్సిందే.

డిసెంబర్ 5న, ప్రోబ్ వెలుగును కొలిచే ఫ్లోరిమీటర్‌లో జినాన్ ల్యాంప్ పోయింది. కొత్తది వచ్చి బిగించేసరికి 2023 ఫిబ్రవరి 10. అప్పటిదాకా పాదరసం కొంచెం కొంచెంగా పెంచుతూ తీసిన టైట్రేషన్లన్నీ మళ్ళీ చేయాల్సి వచ్చింది, ఎందుకంటే ల్యాంప్ మారితే వెలుగు అంకెలు మారతాయి, పాతవాటితో కలిపి గీత గీయలేం. ఆ హడావుడిలోనే శాంపిల్ పోసే క్వార్ట్జ్ క్యువెట్ ఒకటి చేతిలోంచి జారి పగిలింది. నాలుగు వైపులా పాలిష్ ఉన్నది, 7,500 రూపాయలు. ల్యాబ్ డబ్బుతో కొనమన్నారు కానీ నాకు తలవంపుగా అనిపించి ఫెలోషిప్‌లోంచి ఇచ్చాను.

ఇక అసలు సంగతి.

మా నాన్న వాళ్ళ ఊరు సంగారెడ్డి జిల్లాలో, నక్కవాగుకు దగ్గర్లో ఉంటుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పక్క నుంచి పారి మంజీరలో కలిసే వాగు అది. దాని కాలుష్యం గురించి అక్కడి జనం, డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వెళ్తే, "వాగుల చెయ్యి పెట్టకుండ్రి" అని పెద్దమ్మ మా వెంటపడి అరిచేది. ప్రోబ్‌ను పరీక్షించడానికి రియల్ శాంపిల్స్, అంటే బయటి నీళ్ళు, కావాలని సార్ అన్నప్పుడు నాకు వేరే ఊరు తట్టలేదు.

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. పండక్కని వెళ్ళి, జాగారం చేసిన మర్నాడు, 19న పొద్దున ఎనిమిది బోర్ల దగ్గర నీళ్ళు పట్టాను. మోటారు వేయగానే పట్టకూడదు, పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా పది నిమిషాలు వదలాలి. "నీళ్ళు ఉత్తగనే పోతున్నయ్ బిడ్డా" అని పెద్దబాపు పైపు తీసుకెళ్ళి మిరప మడిలో పెట్టాడు. ఒక్కో బోరుకు రెండు సీసాలు. ఒకటి, లోహాలు ఎంత కొంచెం ఉన్నా కొలిచే ఐసీపీ-ఎంఎస్ మెషీన్‌కు. లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా అందులో ఒక శాతం నైట్రిక్ యాసిడ్ కలపాలి. రెండోది యాసిడ్ లేకుండా, నా ప్రోబ్‌తో చూడడానికి. మార్కర్‌తో పేర్లు రాసి ఐస్ బాక్సులో పెట్టుకుని సాయంత్రం బస్సులో వచ్చేశాను.

ఐస్ కరిగింది. ల్యాబ్‌లో మూత తీసి చూస్తే సగం సీసాల మీద రాత చెరిగిపోయి నీలం మరకలు మిగిలాయి. పర్మనెంట్ మార్కర్ అని రాసి ఉన్నా, ప్లాస్టిక్ మీద చెమ్మలో నాలుగు గంటలు నానితే నిలవదు. రాసిన పేరు మీద టేప్ అంటించాలి, మూత మీద కూడా రాయాలి. బోరు నంబరు అంకె చాలా సీసాల మీద పోల్చుకోగలిగాను. పక్కన రాసిన చిన్న "యా" అనే అక్షరం, యాసిడ్ అని తెలియడానికి రాసుకున్నది, కొన్నిటి మీద లేదు. అలాంటి బోర్లకు రెండు సీసాల్లో యాసిడ్ లేనిది ఏదో పరీక్షించకుండా, ఊహించుకుని విడదీశాను.

20వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు ఎనిమిది వయల్స్ పెట్టి ప్రోబ్ వేశాను. ఐదింటిలో రంగు వచ్చింది. టార్చ్ వేస్తే ఐదూ నారింజ రంగులో వెలిగాయి. అందులో పెద్దబాపు ఇంటి బోరు కూడా ఉంది.

నా చేతులు చల్లబడిపోయాయి. మా నానమ్మ చివరి రోజుల్లో చేతులు వణికేవి. అది వయసు వల్ల వచ్చిందని అందరం అనుకున్నాం. ఆ రాత్రి నాకు, జపాన్‌లో పాదరసం విషానికి జనం బలైన మినమాటా ఫోటోలు, నానమ్మ చేతులు ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఇంకేం ఆలోచించలేదు. పది దాటాక పెద్దబాపుకు ఫోన్ చేశాను.

"పెద్దబాపూ, ఇంటి బోరు నీళ్ళు తాగకండి. అందులో పాదరసం ఉన్నట్టుంది."

కాసేపు మాట లేదు. తర్వాత, "వంట?" అన్నాడు.

"వంటకూ వద్దు."

"బర్లకు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. "చూసి చెప్తా" అన్నాను.

మర్నాడు సార్‌కు చెబితే ఆయన మొదట అడిగింది, "ఎవరికైనా చెప్పావా?" అని. చెప్పానన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "ఐసీపీ వచ్చేదాకా ఆగాల్సిందమ్మా" అన్నారు. అప్పటికీ నాకు నా రంగు మీదే నమ్మకం.

యాసిడ్ కలిపిన సీసాలను ఐసీపీ-ఎంఎస్‌కు ఫిబ్రవరి 24న ఇచ్చాను. శాంపిల్‌కు 900 రూపాయలు, మీద జీఎస్టీ. ఆపరేటర్ ఫారం చూసి, "మెర్క్యురీనా?" అని తల పట్టుకున్నాడు. పాదరసం మెషీన్ గొట్టాల్లో అంటుకుని తర్వాతి శాంపిల్స్‌లో కూడా కనిపిస్తుందట, అందుకని గంటల తరబడి కడగాలి. మిగతా లోహాల వాళ్ళందరి పని అయ్యాకే మాది పెడతామన్నారు. ఎన్ని రోజులని అడిగితే నెల పైనే అన్నారు.

మార్చి 3, శుక్రవారం. నీళ్ళలో తెలిసినంత పాదరసం కలిపి ప్రోబ్ ఎంత చూపిస్తుందో చూసే రికవరీ ప్రయోగం మొదలుపెడుతున్నాను. పక్కన ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చిన చెల్లి నిలబడి చూస్తోంది. "అక్కా, బ్లాంక్‌లో కూడా యాసిడ్ కలిపావా?" అని అడిగింది. బ్లాంక్ అంటే పోల్చుకోవడానికి పెట్టే పాదరసం లేని నీళ్ళు. ఎందుకని అడిగాను. "సీసాల్లో కలిపారు కదా, బ్లాంక్‌లో కూడా అదే ఉండాలి కదా" అంది. యాసిడ్ ఉన్న సీసాలు వేరు, ఇవి వేరు అని చెప్పబోయి ఆగిపోయాను. డ్రాయర్‌లోంచి పీహెచ్ పేపర్ తీసి, మిగిలిన ఎనిమిది సీసాల్లో ఒక్కోదాంట్లో ముంచాను. మూడింటిలో ఆకుపచ్చగా ఉంది. ఐదింటిలో ముంచగానే ఎర్రగా మారింది, అంటే యాసిడ్ ఉంది. అవే ఐదు.

తర్వాత మిల్లీక్యూ నీళ్ళలో, అంటే ల్యాబ్‌లో బాగా శుద్ధి చేసిన నీళ్ళలో, ఒక శాతం నైట్రిక్ యాసిడ్ కలిపి ప్రోబ్ వేశాను. పాదరసం చుక్క కూడా లేదు. గులాబీ రంగు వచ్చింది. నేను వేసే కొద్దిపాటి బఫర్ అంత యాసిడ్‌ను ఆపలేదు. ఐదు బోర్లకు సీసాలు తారుమారై, యాసిడ్ ఉన్నవి నా దగ్గర మిగిలి, లేనివి ఐసీపీకి వెళ్ళాయి. వెంటనే పరిగెత్తి మా సీసాలు ఇంకా మెషీన్ ఎక్కలేదని తెలుసుకుని, ఆ ఐదూ వెనక్కి తీసుకుని యాసిడ్ ఉన్నవి ఇచ్చాను. యాసిడ్ లేని ఐదింటినీ ప్రోబ్‌తో చూస్తే రంగు రాలేదు. కానీ రెండు వారాలు ప్లాస్టిక్‌లో ఉన్న నీళ్ళవి. పాదరసం ఉండి గోడలకు అంటుకుపోయిందో, అసలు లేనే లేదో వాటిని చూసి చెప్పలేను.

ఈ మాట ఫోన్‌లో చెప్పకూడదనిపించింది. 5వ తేదీ ఆదివారం బస్సెక్కాను.

ఇంటి ముందు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు నాలుగు వరసగా ఉన్నాయి. క్యాన్ 20 రూపాయలు, రోజుకు రెండు. ఊళ్ళో ఇంకో ఆరేడు ఇళ్ళవాళ్ళు కూడా బోరు నీళ్ళు మానేశారు. పెద్దమ్మ నన్ను చూసి నవ్వింది కానీ ఎప్పటిలా దగ్గరికి తీసుకోలేదు. మంచం మీద కూర్చున్నాక పెద్దబాపే మొదలుపెట్టాడు.

"నీళ్ళ సంగతి ఎట్లనో తెల్సిపాయె ఊర్ల. పాలు పోయించుకునేటోళ్ళు నాలుగిండ్లోళ్ళు బందు వెట్టిన్రు. బర్లు ఆ నీళ్ళే తాగుతున్నయి గదా అంటున్రు."

నాకు గొంతు పెగల్లేదు. జరిగింది మొత్తం చెప్పాను. సీసాలు మారిపోయాయని, రంగు వచ్చింది యాసిడ్ వల్లనని, తప్పు నాదేనని. ఆయన మధ్యలో ఒక్కమాటా మాట్లాడకుండా విన్నాడు.

"అంటే పాదరసం లేనట్టేనా?"

"అది కూడా ఇప్పుడే చెప్పలేను పెద్దబాపూ. పెద్ద మెషీన్‌లో పెట్టారు. నెలాఖరుకు తెలుస్తుంది."

"మొన్న ఉన్నదంటివి. ఇయ్యాల తెల్వదంటివి." కొట్టినట్టు అనలేదు, మెల్లగా అన్నాడు. "సరే బిడ్డా. ఈసారి కాయితం పట్టుకోని రా. నోటి మాట వద్దు."

మార్చి 22న ఉగాది. నేను ఊరికి వెళ్ళలేదు. హాస్టల్‌లోనే ఉన్నాను.

31న రిపోర్ట్ వచ్చింది. ఎనిమిది బోర్లలోనూ పాదరసం 0.1 పీపీబీ కంటే తక్కువ. మన దేశంలో తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన హద్దు లీటరుకు 0.001 మిల్లీగ్రామ్, అంటే 1 పీపీబీ. ప్రింట్ తీసుకుని ఏప్రిల్ 2న వెళ్ళాను. పెద్దబాపు అంకె ఎక్కడుందో చూపించమన్నాడు, హద్దు ఎంతో దాని పక్కన పెన్నుతో రాయమన్నాడు. రాశాను. ఆ కాగితాన్ని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "నడువు, ఇంటింటికి నువ్వే చెప్పు" అన్నాడు. పాలు ఆపేసిన నాలుగిళ్ళకూ వెళ్ళాం. గుమ్మం ముందు నిలబడి నాలుగుసార్లు అదే కథ చెప్పాను. వైవా కన్నా కష్టం అది.

పాదరసం ఒక్కటే చూశామని, మిగతా లోహాలు, మందుల ఫ్యాక్టరీల రసాయనాలు ఈ కాగితంలో లేవని కూడా ప్రతి ఇంట్లో చెప్పాను. అది దాస్తే రెండోసారి అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

తర్వాత ల్యాబ్ పని వేరేగా సాగింది. అదే బోర్లకు వెళ్ళి ఈసారి గాజు సీసాల్లో నీళ్ళు పట్టాను. ప్రతి శాంపిల్‌కూ ముందు పీహెచ్ చూసి, నోట్‌బుక్‌లో రాశాకే ప్రోబ్ ముట్టుకునేదాన్ని. తెలిసినంత పాదరసం కలిపి చూస్తే ఇంకో ఇబ్బంది బయటపడింది. మిల్లీక్యూ నీళ్ళలో 5 నిమిషాల్లో పూర్తిగా వచ్చే రంగు ఆ బోరు నీళ్ళలో సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే వచ్చింది. ఆ నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ, అది పాదరసాన్ని పట్టుకుని తొందరగా వదలదు. 40 నిమిషాలు ఆగితే రంగు దాదాపు పూర్తిగా వచ్చింది. పేపర్లలో "తక్షణమే పసిగడుతుంది" అని రాస్తారు. అది మిల్లీక్యూ నీళ్ళ మాట. పైగా నా ప్రోబ్ నీళ్ళలో సరిగ్గా కరగదు, సగానికి సగం ఎసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ కలపాలి. ఊళ్ళో ఒకరి చేతికి ఇచ్చి వాడుకోమనగలిగే స్థితిలో అది లేదు.

ఆగస్టు 18న పేపర్ పంపాను. మొదటి జర్నల్ ఎడిటర్ ఆరు రోజుల్లోనే తిప్పి పంపించారు. రెండోదానిలో రివ్యూలు రావడానికి రెండు నెలల పన్నెండు రోజులు పట్టింది. ఒక రివ్యూయర్, ఇది వెనక్కి తిరిగి రాదు కాబట్టి సెన్సర్ అనకూడదు, కీమోడోసిమీటర్ అనాలన్నారు. న్యాయమే, మార్చాను. రెండో రివ్యూయర్ వేసిన ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. నా డిటెక్షన్ లిమిట్, అంటే ప్రోబ్ పసిగట్టగల అతి తక్కువ పాదరసం, పది బ్లాంక్ రీడింగుల తేడాను మూడుతో గుణించి గ్రాఫ్ వాలుతో భాగిస్తే వచ్చింది, 24 నానోమోలార్. అంటే 4.8 పీపీబీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 6 పీపీబీ, దానికంటే తక్కువే కాబట్టి తాగునీటికి పనికొస్తుందని రాశాను. "మీ దేశపు హద్దు 1 పీపీబీ కదా, మీ ప్రోబ్ దాన్ని చూడగలదా?" అని ఆయన అడిగారు.

చూడలేదు. హద్దుకు నాలుగు రెట్లున్న నీళ్ళను కూడా నా ప్రోబ్ శుభ్రమనే చెబుతుంది. పెద్దబాపు బోరులో నిజంగానే 3 పీపీబీ ఉండుంటే, రంగు రాలేదు కాబట్టి తాగండని చెప్పి ఉండేదాన్ని. "తాగునీటికి" అన్న మాటను పేపర్ అంతటా తీసేశాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే మురుగునీటిలో ముందస్తు పరీక్షకు అని రాశాను. యాసిడ్ వల్ల వచ్చే తప్పుడు రంగును ఒక బొమ్మగా పెట్టాను, క్లోరైడ్ సంగతి ఇంకో బొమ్మ. ఇవి పేపర్‌ను బలహీనం చేస్తాయేమోనని సార్‌ను అడిగితే, "నువ్వు రెండు వారాలు పోగొట్టుకున్నది ఇంకొకళ్ళు పోగొట్టుకోకూడదు కదా, ఉంచు" అన్నారు.

2024 ఫిబ్రవరి 9న పేపర్ ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. అదే నెలలో తమిళనాడులో పీచుమిఠాయిని నిషేధించారు. అందులో దొరికిన రంగు రోడమైన్ బి. బతుకమ్మ రోజు నా వయల్‌లో రంగు చూసి పీచుమిఠాయి అని నేను అనుకున్నది ఉత్త పోలిక కాదు, పిల్లలు అసలు ఆ రంగునే తింటున్నారు. ఆ వార్త పెద్దమ్మకు పంపి, జాతరలో పిల్లలకు కొనిపెట్టొద్దని చెప్పాను. "దీనికి కాయితం ఉన్నదా?" అని అడిగింది. పేపర్‌లో వచ్చిన వార్త ఫోటో తీసి పంపాను.

ఇప్పుడు ప్రోబ్‌ను కాగితపు ముక్కలకు పట్టించి, లీటరు నీళ్ళను వాటి గుండా వడకడితే పాదరసం అక్కడే పోగవుతుందేమో చూస్తున్నాను. 1 పీపీబీకి దిగాలంటే అదొక దారి. ఇంకా కుదరలేదు, 3 దగ్గర ఆగింది. ఊరికి మాత్రం నెలకోసారి వెళ్తున్నాను. ఆ నాలుగిళ్ళలో రెండు ఏప్రిల్‌లోనే మళ్ళీ పాలు పోయించుకోవడం మొదలుపెట్టాయి, మూడోది దసరా తర్వాత. నాలుగో ఇంటివాళ్ళు ఇప్పటికీ ప్యాకెట్ పాలే కొంటున్నారు. వాళ్ళ గుమ్మం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా పలకరిస్తాను, వాళ్ళూ పలుకుతారు. పాల సంగతి వాళ్ళు ఎత్తరు, నేను అడగలేను.